నాలుగో ఆకు కింద

బయల్దేరాం, గంట పడుతుంది, హాలు ఖాళీ చేసి ఉంచు, ఆ పువ్వుని అమ్మ తల దగ్గర పెట్టు, పూసిందని చెప్పే తీసుకొస్తున్నా, అన్నాడు నా భర్త చిన్తు ఫోనులో. నేను ఊఁ అన్నానో లేదో కూడా వినకుండా పెట్టేశాడు. అతని వెనక ఎవరో చక్రాల మంచం తోస్తున్న చప్పుడు, ఒక ఆడమనిషి గొంతు, తలుపు, ఆ తర్వాత ఏమీ లేదు, రిసీవరు మాత్రం ఇంకా నా చెవికే ఆని ఉంది. గోడ గడియారంలో రెండుంబావు. మూడుంబావుకి మా అత్త ఇంటికి వస్తుంది, ఆసుపత్రి మనిషి రబ్బరు సంచి నొక్కుతూ ఆవిడ చేత ఊపిరి పీల్పిస్తూ కొండదారి పొడుగునా పక్కనే కూర్చుని వస్తాడు, ఈ హాల్లో పడుకోబెట్టాక గొంతులో గొట్టం తీసేస్తాడు, ఆఖరి ఊపిరి సొంత కప్పు కింద వదలాలి, బయట పోయిన మనిషిని గడప లోపలికి తేకూడదు, మా కొండల్లో అందరూ ఇలాగే ఇల్లు చేరుకుంటారు, మామగారూ ఇలాగే వచ్చారట. అన్నీ సిద్ధం చేయగలను. పువ్వు మాత్రం లేదు. మూడు నెలలుగా లేదు. పూలపాకలో, కిటికీ వైపు రెండో బల్ల మీద, ఆ కుండీలో ఉన్నది వేరు, జానెడు వేరు, కుండీ అంచు దాటి కిందికి వేలాడుతోంది, ఒళ్ళంతా బూడిద రంగు, కొసన మాత్రం గోరంత మేర ఆకుపచ్చ. దాన్ని పువ్వని చెప్పింది నేను.

మూడో పిన్ని పిలవకుండానే వచ్చింది. అత్తకి తోటికోడలు, పక్కిల్లే, మధ్యలో ఉన్నది వెదురు తడిక, మా ఫోను మోగితే ముందు తల ఎత్తేది ఆవిడే. ఏమే, గోడకేసి చూస్తూ నిలబడితే బెంచీలు నడుచుకుంటూ వస్తాయా, ఆ పక్క పట్టు, అంది. పట్టాను. రెండు బెంచీలు, వాటి మీద పలక, కుడి పక్కన. ఆడమనిషి కుడి పక్కనే, ఎడమ పక్క మీ మామగారిది, ఆయన ఎప్పుడో వాడేసుకున్నాడు, అంది పిన్ని, అని తనే కొంచెం నవ్వి, నవ్వినందుకు తనే నోటి మీద చెయ్యి పెట్టుకుంది. దేవుళ్ళకి చావు కనబడకూడదని పటానికి ఎర్రగుడ్డ కప్పింది. గుమ్మానికి రెండు వైపులా అతికించిన కొత్తసంవత్సరం శుభరాతల ఎర్రకాగితాలు గీకెయ్యమని నాకు కూరల కత్తి ఇచ్చింది. ఆ కాగితాలు అత్త అతికించినవి, అన్నం గంజితో, పాతది పీకకుండా దాని మీదే కొత్తది, ఒక ఏడు మీద ఇంకో ఏడు, కత్తి ఆడించినంత మేర మాత్రమే లేస్తున్నాయి, అడుగున రంగు వెలిసి గులాబీ అయినవి, ఇంకా అడుగున వట్టి పసుపు. ఆ అడుగువి అతికించేటప్పుడు నేను ఈ ఇంట్లో లేను. పిన్ని వెనక నుంచి మాట్లాడుతూనే ఉంది, అక్క అదృష్టవంతురాలు, మూడు నెలలు గొట్టాలతో ఉండి కూడా ఊపిరితో ఇల్లు చేరుతోంది, ఆ పువ్వు కోసమే బతికిందే, నిజం చెప్తున్నా, లేకపోతే ఆ కోతలు ఆ వయసులో ఎవరు తట్టుకుంటారు. కత్తి గుమ్మం చెక్కలో దిగింది. లాగాను.

బియ్యపుగింజంత ఉన్నప్పుడు రెండూ ఒకటే, అనేది అత్త. ఆకు మొదట్లో చిన్న పచ్చటి పొక్కులాగ లేస్తుంది, పువ్వుకైనా అంతే, వేరుకైనా అంతే. ఆగాలి. వేరు ఎక్కడి నుంచైనా పొడుచుకొస్తుంది, దానికి మర్యాద లేదు, ఆకుని చీల్చుకుని కూడా వస్తుంది. పూలకాడ ఆకు పంగలోంచే వస్తుంది, పై నుంచి మూడోదో నాలుగోదో. వేరు మొన గుండ్రం, నూనె రాసినట్టు మెరుస్తుంది, నాలుగు రోజుల్లో వెనక భాగం తెల్లబడి కిందికి చూస్తుంది. పూలకాడ మొన బల్లపరుపు, ఒక పక్క చిన్న నొక్కు ఉంటుంది, పసిపిల్లల చేతికి తొడిగే వేళ్ళు లేని ఉన్ని తొడుగు చూశావా, బొటనవేలు ఒక్కటే విడిగా, అలాగ. మెరవదు. వెలుతురు వైపు పైకి చూస్తుంది. పది రోజులు నోరు కట్టుకో, అప్పుడు చెప్పు. మా ఊళ్ళో ఇంటింటికీ ఒక పూలపాక, అన్నిట్లోనూ ఈ ఆర్కిడ్ మొక్కలే, ఎవరింట్లోనూ పది రోజుల లోపు దానికి పేరు పెట్టరు, తొందరపడి పెట్టి తప్పితే ఆ పేరు మనిషికి అంటుకుంటుంది. నాకూ అంటుకుంది. పెళ్ళయి వచ్చిన మొదటి చలికాలం, ఎవరినీ అడగకుండా, ఒక వేరు పైకి వంగిందని దానికి వెదురుపుల్ల నాటి దారంతో కట్టాను, మర్నాటికి అది పుటుక్కుమంది. ఆ ఏడంతా నేను మూడో పిన్నికి వేరుకి ఊతకర్ర కట్టిన కోడలిని. బజారులో కూరలమ్మేవాళ్ళు కూడా అలాగే అడిగేవాళ్ళు, ఊతకర్ర కోడలికి ఎన్ని ముల్లంగులు అని. అత్త మాత్రం విరిగిన ముక్క నా అరచేతిలో పెట్టి, ఏం కనిపిస్తోంది, అని అడిగింది.

ఏం కనిపిస్తోంది. ఆ ప్రశ్న అప్పటి వరకూ నన్నెవరూ అడగలేదు. బడిలో అడిగింది ఎంత వచ్చింది అని, ఇంట్లో అడిగింది అయిందా లేదా అని. ఆరో తరగతి దాకా వెనక బల్ల మీద కూర్చుని నేను చూసినవన్నీ, గోడ మీద తేమ పెరిగే తీరు, మాస్టారు సుద్దముక్క చివర్న విరిచే తీరు, నాలోనే ఉండిపోయాయి. ఇక్కడ మాత్రం రోజూ పొద్దున్నే అత్త పూలపాకలో చిన్నపీట మీద కూర్చుని అడిగేది. ఆవిడకి చక్కెర జబ్బు, కళ్ళు ఏడాదికేడాది మసకబారుతూ వచ్చాయి, ముందు ఆకు మీద చుక్కలు పోయాయి, తర్వాత ఆకు అంచులు, తర్వాత వట్టి పచ్చదనం మిగిలింది. ఒకసారి చూపు ఆనక వేలితో తడిమి చూడబోయి ఒక పూలమొన చిదిమేసింది. ఆ రోజు అన్నం తినలేదు. అప్పటి నుంచి మొనల జోలికి చెయ్యి పోనిచ్చేది కాదు, చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకుని నన్ను అడిగేది. నేను కుండీ కుండీ దగ్గరా వంగి చెప్పేదాన్ని. మూడో ఆకు కింద పొక్కు, మెరుస్తోంది. అయితే వేరే, ఇంకో వారం చూడు. చూసేదాన్ని. వేరే అయ్యేది. ఐదేళ్ళలో నేను చూసింది ఒక్కసారీ తప్పలేదు, ఆ ఊతకర్ర తర్వాత ఒక్కసారి కూడా.

వంతెన దాటుతున్నాం అమ్మా, అని చిన్తు ఇప్పుడు చెబుతూ ఉంటాడు. ప్రతి వంతెనకీ, ప్రతి మలుపుకీ చెవిలో చెప్పాలి, లేకపోతే మనిషి ప్రాణం దారి తప్పుతుంది. ఆసుపత్రి ఉన్న చియాయి పట్నం నుంచి మా ఊరికి ఎనిమిది వంతెనలు. రెండున్నర అయింది, రెండు దాటి ఉంటారు. లారీ తోలే మనిషి, ఎప్పుడూ తను తోలే దారిలో ఈరోజు వెనక కూర్చుని, గొంతు పెంచి, వంతెన అమ్మా. మలుపు అమ్మా. ఇంకొంచెం దూరమే, నీ పువ్వు పూసింది అమ్మా.

ఆ కుండీలో మొక్క ఆవిడ రెండు రకాలు కలిపి కట్టినదే. మామగారు దక్షిణం నుంచి తెచ్చిన చిన్న పసుపు రకం, గోధుమ గీతలది, దాని పుప్పొడి పళ్ళుకుట్టుకునే పుల్లతో తీసి, మూడో పిన్ని ఇచ్చిన పెద్ద తెల్లరకం మీద పెట్టింది, నేను రాకముందు, కళ్ళు ఇంకా ఆనుతున్నప్పుడు. కాయ కట్టింది. గింజలు చియాయిలో ఎవరో గాజుబుడ్డిలో మొలిపించి ఇచ్చారు. అరవై మొలకలు. నేను వచ్చేసరికి పదకొండు. కుళ్ళు తెగులు తర్వాత ఒకటి. ఆ ఒక్కటి ఏ రంగు పూస్తుందో లోకంలో ఎవరికీ తెలియదే పిల్లా, అనేది, ఎక్కువ మాట్లాడని మనిషి అదొక్కటి మాత్రం చాలాసార్లు అంది. గొంతులో గడ్డ అని తేలాక కూడా అంది. కోసి చూడొచ్చు, ఖాళీ మంచం గురువారం ఉంది, లేదంటే మళ్ళీ చెప్పలేం, అన్నారు ఆసుపత్రిలో. చిన్తు బతిమాలాడు. అత్త వద్దంది, ఇంట్లోనే పోతానంది, గొంతు కోయించుకుని ఎందుకు అంది. ఆ వారమే నాలుగో ఆకు కింద పొక్కు లేచింది. నేనే చెప్పాను. బుధవారం పొద్దున ఆవిడ పీట మీద కూర్చుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని అంది, పువ్వైతే కొత్తసంవత్సరం నాటికి విచ్చుతుంది, అప్పటిదాకా ఉండటానికి కోయించుకుంటాను. వేరైతే ఇంకో ఏడు పడుతుంది, నాకంత లేదు, ఇంట్లోనే ఉంటాను. చూసి చెప్పు.

అప్పటికి ఆరు రోజులే. ఇంకా తెలియదు అమ్మా అనొచ్చు. పది రోజుల లోపు ఎవరూ చెప్పరు, ఆవిడ నేర్పిందే, చెప్పనందుకు ఎవరూ తప్పు పట్టరు. తెలియదు అని ఉంటే గురువారం మంచం ఇంకెవరికో పోయేది, అత్త ఈ పూలపాకలో, ఈ పీట మీద, అక్టోబరు ఎండలో, తనంతట తను ఊపిరి పీలుస్తూ, ఒక నెలో రెండు నెలలో, నొప్పి ఉండేది, మూలుగు ఉండేది, కానీ తన గొంతు తనకు ఉండేది. ఈ మూడు నెలలుగా నేను నాకు చెప్పుకుంటున్నది, ఆ రోజు మబ్బుగా ఉంది, తూర్పు పక్క ఎండకి కట్టిన నల్లవల కిందికి జారి ఉంది, మొన సరిగా కనబడలేదు, పొరపాటు. పొరపాటు ఎవరికైనా వస్తుంది. వేరుకి ఊతకర్ర కట్టినదాన్ని కదా. గుమ్మం చెక్క తెల్లగా తేలింది, కింద ఎర్రకాగితం పొట్టు కుప్ప పడి ఉంది, పిన్ని చీపురు తెచ్చి నా చేతిలో పెట్టింది. మబ్బు లేదు. వల జారింది ముందురోజు, ఆ పొద్దున నేనే ఎత్తి కట్టాను. పాకలో ఆ రోజు ఇంకా నీళ్ళు చల్లలేదు, ఆకులన్నీ పొడిగా ఉన్నాయి, పొక్కు ఒక్కటే మెరిసింది, గుండ్రంగా, నూనె రాసినట్టు. వేరు అనే మాట నాలుక మీదికి వచ్చింది. అది చెబితే అత్త పోతుంది, అత్త పోతే పొద్దున్నే నన్ను ఏం కనిపిస్తోందని అడిగేవాళ్ళు ఉండరు, చిన్తు లారీ మీద ఉంటాడు, నేను ఈ హాల్లో మూడో పిన్ని మాటలు వింటూ ఉంటాను. అంత ఆలోచించానా, లేదు, అంత టైము లేదు, ఆవిడ ముఖం నా వైపు తిప్పి ఉంది, కళ్ళు నా భుజం పక్కన ఎక్కడో చూస్తున్నాయి. పువ్వే అమ్మా అన్నాను. నొక్కు ఉందా. ఉంది. ఆవిడ ఒళ్ళోంచి చేతులు తీసి మోకాళ్ళ మీద పెట్టుకుని లేచింది.

కోశారు. గడ్డ అంతా రాలేదు. ఊపిరి దానంతట అది మళ్ళీ మొదలవలేదు. గొంతులో గొట్టం, మాట పోయింది, చేతులకి గుడ్డపట్టీలు కట్టి మంచానికి కట్టారు, నిద్రలో గొట్టం లాగేసుకుంటోందని. చిన్తు లారీ మానేసి అక్కడే వరండాలో పడుకున్నాడు. వారానికి రెండుసార్లు అతని ఫోను, అమ్మ అడుగుతోంది, నా అరచేతిలో రాసింది, ఎంతయింది. ఒక వేలు పొడుగు, అనేదాన్ని. రెండు కణుపులు. పైకి తిరిగింది, కిటికీ వైపు. మొగ్గ పడింది, లెక్క తెలియట్లేదు, ఐదో ఆరో. రంగు అడుగుతోంది. రంగు ఇప్పుడే తెలియదని చెప్పు. ఆదివారాలు నేను వెళ్ళేదాన్ని. పట్టీ విప్పి చెయ్యి నా చేతిలో పెట్టేవాళ్ళు, ఆవిడ బొటనవేలూ చూపుడువేలూ దగ్గరగా పెట్టి నా ముందుకి చాపేది, అంతేనా అని, నేను ఆ రెండు వేళ్ళనీ పట్టుకుని విడదీసి చూపించేదాన్ని, ఇంతమ్మా, ప్రతి ఆదివారమూ ఇంకొంచెం విడదీసేదాన్ని. వేళ్ళు వాచి ఉండేవి, విడదీస్తుంటే నొప్పి పుట్టేది కాబోలు, కనుబొమలు ముడిపడేవి, అయినా లాక్కునేది కాదు. ఇంటికి వచ్చి పాకలోకి వెళితే వేరు కిందికి దిగుతూ ఉండేది. అదీ నేను చెప్పినంత పొడుగే పెరిగేది, దిక్కు ఒక్కటే తేడా.

మూడు అయింది. ఇంకో రెండు వంతెనలు. నేను పూలపాకలోకి వెళ్ళాను, నేరుగా రెండో బల్ల దగ్గరికి కాదు, మూలకి, అక్కడ పెద్ద తెల్లది విచ్చి ఉంది, ఏడు పూలు, ఒక్కో పువ్వు నా అరచేయంత. అత్తకి కళ్ళు ఆనవు. ఇదే అది అంటే ఇదే అది. రంగు ఎవరికీ తెలియనిది కదా, తెల్లదైతే ఏం. కుండీ ఎత్తుకుని హాల్లోకి తెచ్చి ముక్కాలి పీట మీద పెడుతుంటే వంటింట్లోంచి పిన్ని తొంగి చూసింది, అది నేనిచ్చిందే కదే, దీన్నెందుకు తెచ్చావు, అక్క కట్టింది ఏది, అంది. మా ఊళ్ళో ప్రతి మొక్కకీ అమ్మానాన్నలు ఎవరో అందరికీ తెలుసు. ఊరికే, అందంగా ఉంటుందని, అన్నాను. అందం ఇప్పుడెందుకు, అంది పిన్ని. తెల్లదాన్ని తీసుకెళ్ళి మూలలో పెట్టాను. చేతులు తడిగా ఉన్నాయి, ఈ పాత స్కర్టుకి తుడుచుకున్నాను. రెండో బల్ల మీది కుండీ తేలిక. ఎప్పుడూ తేలికే. ఎత్తుకుంటే వేరు కొస నా మణికట్టుకి తగిలింది, చల్లగా. తెచ్చి పీట మీద పెట్టాను. చిన్తు వస్తాడు, చూస్తాడు, అప్పుడు చెప్పేస్తాను, అత్త చెవిలో కూడా చెప్పేస్తాను, వేరు అమ్మా, ఆ రోజే వేరు, నేను చూశాను. వినికిడి చివరిదాకా ఉంటుందట. ఆవిడ నా కళ్ళని నమ్మింది, తప్పింది నా కళ్ళు కాదు, నా నోరని తెలుసుకుని పోవాలి. పిన్ని చెయ్యి తుడుచుకుంటూ వచ్చి కుండీ చూసింది. వంగి చూసింది. వేలాడుతున్న దాన్ని చూసి, నన్ను చూసింది. వంటింట్లోకి వెళ్ళి పొయ్యి మీద నీళ్ళు పెట్టింది, గిన్నె అంచుకి మూత తగులుతున్న చప్పుడు చాలాసేపు వినిపించింది.

బండి వెనక్కి వచ్చి గుమ్మం ముందు ఆగింది. నలుగురు ఎత్తారు, ఆసుపత్రి మనిషి పక్కన అడ్డంగా నడుస్తూ సంచి నొక్కుతున్నాడు, నొక్కి వదిలి, నొక్కి వదిలి, ఆవిడ రొమ్ము దానికి తగ్గట్టు లేచి పడుతోంది. పలక మీద పెట్టారు. ఇంత చిన్న మనిషా. ఇల్లొచ్చింది అమ్మా, మన ఇల్లే, అన్నాడు చిన్తు, అతని గొంతు బొంగురు పోయింది, వంతెనలన్నీ చెప్పీ చెప్పీ. తర్వాత తల ఎత్తి పీట వైపు చూశాడు.

"పువ్వేది?"

నేను చెప్పాను. వేరు అన్నాను. అప్పుడు కూడా వేరే, నాకు తెలుసు, అన్నాను. చాలా చిన్నగా అన్నాను కానీ హాలు ఖాళీగా ఉంది, పిన్నికీ వినిపించింది, ఆసుపత్రి మనిషికీ వినిపించి ఉంటుంది, అతను నొక్కడం ఆపలేదు. చిన్తు ఆ కుండీనే చూస్తూ ఉన్నాడు, అతనికి మొక్కల సంగతి ఎప్పుడూ తెలియదు, ఇది మాత్రం తెలుసుకోవడానికి ఏమీ నేర్చుకోనక్కర్లేదు. మూడు నెలల గడ్డం. కింద పెదవి పగిలి ఉంది. నేను కొడతాడనుకున్నాను, కొడితే బాగుండుననుకున్నాను. ఆసుపత్రి మనిషి మెల్లగా అన్నాడు, ఇక తీయాలి, చెప్పుకునేది ఏమన్నా ఉంటే ఇప్పుడే చెప్పుకోండి. నేను అత్త తల వైపు ఒక అడుగు వేశాను, చెప్పడానికి, ఆ ఒక్క మాటే నోట్లో పెట్టుకుని. చిన్తు నా మోచెయ్యి పట్టుకున్నాడు.

"అది కాదు. పువ్వు ఎలా ఉందో చెప్పు."

ఏం చెప్పను, అన్నాను.

"నాకేం తెలుసు పువ్వుల గురించి? దారంతా పూసింది పూసింది అంటూ తెచ్చాను. మొదలుపెట్టింది నువ్వేగా, నువ్వే పూర్తి చెయ్యి."

మోకాళ్ళ మీద కూర్చున్నాను. ఆవిడ చెవి చల్లగా, ఆసుపత్రి సబ్బు వాసనతో ఉంది. అమ్మా, నేను, నీ కోడలు పిష్యాని, అన్నాను. అమ్మా, ఐదు పూలు. కాడ కిటికీ వైపు వంగింది. మొదటిది పూర్తిగా విచ్చింది, రెక్కలు వెడల్పు, తెల్లదాని వెడల్పే, కానీ తెలుపు కాదమ్మా, గంజి తేరుకున్నాక పైన ఉంటుందే, ఆ రంగు. మొదళ్ళలో పసుపు. పసుపు మీద గీతలు వచ్చాయి, సన్నగా, మామగారు తెచ్చినదానివి, అంచు దాకా రాలేదు, సగంలో ఆగాయి. ఆవిడ నమ్మాలి, ఆ రెండింటినీ కలిపితే వచ్చేదే చెప్పాలి, ఎక్కువ చెబితే పట్టేస్తుంది. రెండోది కొంచెం చిన్నది, ఒక రెక్క మడత పడింది. సంచి చప్పుడు ఆగింది. ఏదో తడి చప్పుడు, గొట్టం బయటికి వచ్చి ఉంటుంది, నేను తల ఎత్తలేదు. మూడోదాని వెనక భాగం పచ్చగా ఉందమ్మా, ఇవాళో రేపో వెలుస్తుంది. ఆవిడ లోపలి నుంచి ఒక ఊపిరి వచ్చింది, సొంతది, గరగరమంటూ, మళ్ళీ చాలాసేపటికి ఇంకొకటి. వెనక పిన్ని దణ్ణం పెట్టుకుంటూ గొణుగుతోంది. నాలుగోదాని పెదవి ఎర్రన, మధ్యలో నొక్కు, అంటుండగా ఆసుపత్రి మనిషి వాచీ చూసుకుని చిన్తుతో టైము చెప్పాడు. ఊపిరి ఏ పువ్వు దగ్గర ఆగిందో నాకు తెలియదు. ఎవరూ నన్ను లేవమనలేదు. ఐదోది ఇంకా మొగ్గేనమ్మా, అన్నాను.